కిరాయి పంచె

పండగకైతే తెల్లవారేసరికి ఏ తిథి ఉందో చూస్తారు. తద్దినానికి మధ్యాహ్నం వాలాక ఏ తిథి ఉందో చూస్తారు. ఈ తేడా మా అబ్బాయి ఫోనుకి తెలియదు.

మా వారు పోయింది మార్గశిర బహుళ దశమి నాడు. మూడేళ్ల కిందటి మాట. ఈసారి ఆ దశమి శనివారం బాగా పొద్దెక్కాక వచ్చి, ఆదివారం ఇంచుమించు అదే వేళకి వెళ్లిపోతోంది. శనివారం మధ్యాహ్నం ఉన్నది దశమి. ఆదివారం మధ్యాహ్నానికి ఏకాదశి. కాబట్టి తద్దినం శనివారం పెట్టాలి. కానీ ఆదివారం సూర్యోదయానికి దశమి ఉంది కదా, ఫోను ఆదివారం పక్కన దశమి అని చూపించింది. మా అబ్బాయి దాన్నే పట్టుకున్నాడు. నల్లగండ్లలో మా అపార్ట్‌మెంటుకి దగ్గరలో తద్దినాలు జరిపించే హాలొకటుంది. ఆదివారానికి అక్కడ పంతులుగారితో సహా అంతా మాట్లాడేశాడు. ఆ ధీమాతోనే ఆఫీసువాళ్ల విహారయాత్రకి కూడా సరేనన్నాడు. దొరల కాలం నాటి గడిని, కోటలాంటి పెద్ద లోగిలిని, బాగుచేసి, ప్రకృతికి హాని లేని వసతి అని పేరు పెట్టి, ఊరవతల నడుపుతున్నారట. టీములో అందరూ కుటుంబాలతో శుక్రవారం సాయంత్రం వెళ్లి శనివారం సాయంత్రానికి తిరిగి రావాలని అనుకున్నారు.

నేను పంచాంగం తీసింది బుధవారం. కంటికి ఆపరేషన్ అయ్యాక చిన్న అక్షరాలు చూడొద్దని వాడే దాన్ని పై అరలో పెట్టాడు. కోడలి చేత దింపించుకుని చూశాను. ఒకటికి రెండుసార్లు చూశాను. పంచాంగం చూడటం నాకు చిన్నప్పుడే వచ్చు. మా ఊళ్లో బడి కాలవ అవతల ఉండేది. ఆడపిల్లని బల్లకట్టు మీద రోజూ పంపడం ఇష్టం లేక మా నాన్నగారు ఇంట్లోనే చదువు చెప్పారు. మిగతా పిల్లలు ఎక్కాలు నేర్చుకునే వయసులో నేను తిథి, వారం, నక్షత్రం చదివేదాన్ని. ఏది అందినా దానికి దేవుడికి నమస్కారం పెట్టుకోవడం కూడా ఆయన నేర్పిందే. మంచినీళ్లు తాగినా, కరెంటు పోయి వచ్చినా మనసులో ఒక నమస్కారం పెట్టుకుంటాను. ఈ ఊళ్లో ఇన్నేళ్లు బతికింది ఆ అలవాటుతోనే.

అబ్బాయికి చెప్పాను. వాడు సోఫాలో కూర్చుని ఫోను నా ముఖం ముందుకి తెచ్చాడు.

"స్పష్టంగా ఉంది కదమ్మా, సండే అని."

"అది పండగలకి చూపిస్తుంది నాన్నా. తద్దినానికి మధ్యాహ్నం ఉన్న తిథి చూడాలి."

"కొన్ని గంటల తేడాకి నాన్నగారు ఏమీ అనుకోరులే."

మా వారు ఏమనుకునేవారో నాకు తెలుసు. నీటిపారుదల శాఖలో గుమాస్తాగా చేసినన్నాళ్లూ మామగారి తద్దినానికి సెలవు చీటీలో 'సొంత పని' అని రాసి ఇచ్చేవారు. ఒక ఏడు వరదలొచ్చి సెలవులన్నీ రద్దు చేస్తే, పెద్ద ఇంజనీరుగారి ఇంటికి వెళ్లి గుమ్మం బయటే నిలబడి, మా నాన్నగారి తిథండీ, మధ్యాహ్నం దాకా వదలండి, సాయంత్రం నుంచి తెల్లారేదాకా పనిచేస్తాను అని చెప్పి వచ్చారు. ఆయన వదిలారు. ఈయన తెల్లారేదాకా పనిచేశారు. ఇవన్నీ వాడికి తెలియనివి కావు. చిన్నప్పుడు పీట పక్కన కూర్చుని నువ్వులు అందించింది వాడే.

వాడి బాధా నాకు తెలుసు. దసరా తర్వాత వాడి ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారు. పొద్దున గచ్చిబౌలిలో గేటు దగ్గర కార్డు పెడితే తలుపు తెరుచుకోకపోవడమే కబురట. బెంగుళూరు నుంచి కొత్త డైరెక్టరు వచ్చాడు. ఎవరు ఉండాలో ఎవరు పోవాలో ఆయనే రాస్తాడట. ఆయన వస్తున్న విహారానికి టీము మేనేజరుగా నేను రాకపోతే ఎలా అన్నాడు వాడు. నేను కాదనలేదు. ఆ కుర్చీ వల్లే మా ఇంట్లో అన్నం ఉడుకుతోంది. ఆ కుర్చీకి కూడా నమస్కారం పెట్టుకున్నదాన్నే నేను.

దారి చూపించింది కోడలే. వాళ్లది కడప వైపు. తనూ ఉద్యోగం చేస్తుంది, మాట తక్కువ. "అత్తా, మీరూ మాతో రండి. ఆడ బావి ఉంది, చెట్లుండాయి. మధ్యాన్నం ఒక గంట ఈయన మీ దగ్గర కూచుంటాడు. ఆ తర్పణాలేవో ఆడే వదిలేది" అంది.

పంతులుగారిని అడిగితే శనివారం అంత దూరం రావడం కుదరదన్నారు. ఇక మిగిలింది నేను. మంత్రం నేను చెప్పి వాడి చేత అనిపించాలి. ఆడది చెప్పకూడదంటారు, అందులో భర్త పోయినదాన్ని, నేను చెప్పకూడదని మరీ అంటారు. మా నాన్నగారు అరుగు మీద శిష్యులకి చెబుతుంటే, లోపల బియ్యంలో రాళ్లు ఏరుతూ విన్నవి అవన్నీ. చెవిన పడి ఉండిపోయాయి. ఒక్కరోజంతా ఆలోచించాను. తప్పయితే ఆ తప్పు నా మీదే రాసుకోమని దేవుడికి చెప్పుకుని, సరేనన్నాను.

"శనివారం రెండింటికి నీ దగ్గరుంటాను. అప్పటిదాకా కాఫీ తప్ప ఏమీ ముట్టుకోను. ప్రామిస్ అమ్మా" అన్నాడు అబ్బాయి. పట్టుపంచె సంచిలో పెట్టుకోమంటే మాత్రం, అక్కడ అందరి మధ్యా పంచె ఏం కడతాను, ప్యాంటుతోనే కానిచ్చేద్దాం అని నవ్వేశాడు. దానికీ సరేనన్నాను. దర్భలు, నల్లనువ్వులు, రాగిచెంబు, పీటకి బదులు పరవడానికి ఒక తెల్లటి తుండు సంచిలో సర్దుకున్నాను.

గడి చాలా బాగుంది. బాగోలేదంటే కళ్లు పోతాయి. సున్నపు గోడలు, టేకు స్తంభాలు, నడిచిన చోటల్లా చల్లగా తగిలే బండలు. ప్లాస్టిక్ అన్నది కనబడదు. నీళ్లు మట్టికూజాలో, సబ్బు కొబ్బరిచిప్పలో పెట్టారు. గుమ్మంలో పట్టుచీర కట్టుకున్న అమ్మాయి పళ్లెం పట్టుకుని నిలబడి, వచ్చినవాళ్లందరికీ బొట్టు పెట్టి హారతి ఇస్తోంది. నా వంతు వచ్చింది. నుదుట విభూతి ఉంది, ఆ అమ్మాయి చూడలేదు. కుంకుమ వేలు నా నుదుటి దాకా వచ్చేసింది. నేను వెనక్కి జరిగి, వద్దమ్మా అన్నాను. "జర పెట్టించుకోర్రి అమ్మా, అందరికి పెట్టాలన్నరు" అంది బతిమాలుతున్నట్టు. ఆ పిల్లని అనేదేముంది. వెనకాల పెద్ద కెమెరాతో ఒకతను ఎదురుచూస్తున్నాడు. నేను పక్కకి తప్పుకుని నడిచాను.

మాకు ఇచ్చిన గది ఒకప్పుడు పశువుల కొట్టమట. గోడలోపల ఏసీ. గడ్డివేసే తొట్టి చేతులు కడుక్కునే తొట్టి అయింది. గోవులు పడుకున్న చోట పడుకోవడం పుణ్యమే అనుకుని దానికీ నమస్కారం పెట్టుకున్నాను. మంచం పక్కన మందపాటి కాగితం మీద నియమాలు రాసి ఉన్నాయి. గదుల్లో దీపాలు, అగరొత్తులు వెలిగించరాదు. పక్షులకు మేత వేయరాదు, అది వాటి సహజ జీవనానికి భంగం. సాయంత్రం దీపం పెట్టుకోవాలి, అరచేతిలో పట్టేంత ప్రమిద, బయట వరండాలోనైనా పెట్టుకోనివ్వండి అని గడి మేనేజరుని అడిగాను. కుర్రవాడు, మర్యాదస్తుడు. "సారీ మేడమ్, అంతా పాత కర్ర కదండీ" అన్నాడు. నిజమే కదా అనుకున్నాను.

చీకటి పడేవేళకి ముందు హాలు మెట్ల నిండా, చెక్క మేడ మెట్లతో సహా, దీపాలు వెలిగించారు. లెక్కపెట్టలేనన్ని. పట్టుచీరల అమ్మాయిలు ఒక్కొక్క అతిథి చేతికీ కాగడా ఇచ్చి వెలిగించమంటున్నారు. ఫోటోలు తీస్తున్నారు. మేనేజరు నా పక్క నుంచే వెళ్తూ నా చూపు చూసి ఆగాడు. "అది ఈవెంట్ మేడమ్" అన్నాడు. నేనేమీ అడగకుండానే చెప్పాడు, అది అతని మంచితనం.

శనివారం తెల్లవారుతూనే తలస్నానం చేశాను. ఫలహారాలు పెట్టే చోట అబ్బాయి పక్కనే నిలబడ్డాను. మాట నిలబెట్టుకున్నాడు, కాఫీ గ్లాసు తప్ప ఏమీ ముట్టుకోలేదు. ఎవరో దోసె తెచ్చిస్తే కడుపు బాగోలేదన్నాడు. ఆ అబద్ధం నాకు చివుక్కుమంది. అయినా తినలేదు కదా అని సర్దుకున్నాను. తర్వాత వాళ్లందరూ చింతచెట్ల కింద ఆటలకీ మీటింగులకీ వెళ్లారు.

బావి ముందు వాకిట్లో ఉంది గానీ దానికి ఇనుప కమ్మీలు బిగించి లోపల రంగు దీపాలు పెట్టారు. చేద వేసే వీలు లేదు. కొట్టం వెనక చిన్న అరుగు, దాని పక్కన కుళాయి ఉన్నాయి. ఆ కుళాయికి వచ్చేదీ ఆ బావి నీళ్లేనని ఊడుస్తున్న ఆవిడ చెప్పింది. అరుగు మీద ఆకులు తీస్తుంటే దగ్గరికొచ్చి, ఏం జేస్తున్నవమ్మా అని అడిగింది. మా ఆయన తద్దినం అన్నాను. "మా దిక్కు పెత్తరమాసకు పెద్దలకు బియ్యమిస్తం. కొడుకు ఇస్తేనే ఆళ్లకు అందుతదంటరు. నీ కొడుకొచ్చిండా?" అంది.

"వచ్చాడమ్మా. రెండింటికి వస్తాడు."

ఆవిడ నా చేతిలోని ఆకులు తీసుకుని అరుగంతా తనే ఊడ్చింది, నీళ్లు చల్లింది. ఆవిడకి ఎంతో రుణపడి ఉన్నాననిపించింది. పనుందని వెళ్లిపోయింది.

తుండు పరిచాను. దక్షిణముఖంగా వాడు కూర్చునేలా చోటు చూసుకున్నాను. దర్భతో పవిత్రం ముడివేశాను. వాడి వేలు సన్నం, మా వారి వేలంత లావు కాదు, అందుకని ముడి బిగువుగా వేశాను. నువ్వులు ఆకులో పోశాను. చెంబు నింపాను. సంకల్పం ఒకసారి, గోత్రం, మూడు తరాల పేర్లు మరోసారి నెమ్మదిగా అనుకున్నాను, తడబడకూడదని. అలా కూర్చున్నాను.

రెండయింది. ముందు వాకిట్లోంచి డప్పుల చప్పుడు మొదలైంది. ఫోను చేశాను, మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. ఎండ అరుగు మీద నుంచి జరిగి కుళాయి దగ్గరికి వెళ్లింది. తుండు మీద చీమలు పట్టాయి, దులిపి మళ్లీ పరిచాను.

కోడలు వచ్చింది. దూరం నుంచే ముఖం చూసి తెలుసుకున్నాను.

"వస్తాండాడు అత్తా. డైరెక్టరు ఆయన పక్కన కూచోబెట్టుకున్నాడు" అంది.

"ఎక్కడ?"

తను డప్పులు మోగుతున్న వైపు చూసింది. నేను లేచి ముందు వాకిట్లోకి నడిచాను. తను నా వెనకాలే వచ్చింది, ఆపలేదు.

రాచభోజనం అని బోర్డు పెట్టారు. మగవాళ్లందరికీ పంచెలూ కండువాలూ కట్టారు. గడివాళ్లే కిరాయికి ఇచ్చారు. కొందరికి తలపాగాలు కూడా. నేల మీద చాపలు, అరటాకులు. మా అబ్బాయి జరీ అంచు తెల్లపంచె కట్టుకుని, ఉత్తరీయం ఎడమ భుజం మీద వేసుకుని, ఆకు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆ పంచె కట్టు చూస్తే నా కాళ్లు ఆగిపోయాయి. నేను పెట్టుకోమన్నప్పుడు నవ్విన మనిషి. ఆ వేళకి, ఆ వేషంలో, అలాగే నా ఎదురుగా అరుగు మీద ఉండాల్సిన మనిషి. ఆకులో గారెలు ఉన్నాయి. గారెల పక్కన నాటుకోడి పులుసు ఉంది.

మా ఇంట్లో గారె అన్నది తద్దినానికి తప్పనిసరి. ఉల్లిపాయ లేకుండా, ఉప్పు చూడకుండా వేయాలి. మా వారికి ఇష్టమని కాస్త ఎక్కువ మిరియం వేసేదాన్ని. వాడికి తెలియదనుకోవడానికి లేదు.

వాడు గారె తుంచి పులుసులో అద్ది నవ్వుతూ తలెత్తాడు. నన్ను చూశాడు. చెయ్యి ఆకు మీదకి దిగింది. నేను అక్కడే నిలబడ్డాను, సైగ కూడా చేయలేదు. వాడు పక్కకి తిరిగి డైరెక్టరు వైపు చూశాడు. ఆయన ఏదో అంటున్నాడు. వాడు మళ్లీ నా వైపు చూడకుండా ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

నేను వెనక్కి వచ్చేశాను. కోడలు నాతో నడుస్తూ, అడగకుండానే అంది: "ఆ డైరెక్టరు కూర తినలేదత్తా. ఈ పొద్దు శనివారం, వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నాను, నీసు ముట్టను అని ఆయనే చెప్పినాడు. సాంబారన్నం పెట్టించుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు."

అప్పటిదాకా నాకు వాడి మీద జాలి ఉంది. ఆ మాటతో అది పోయింది. ఎవరికి భయపడి మా వాడు నోరు మెదపలేదో ఆ మనిషే తన దేవుడి పేరు పదిమందిలో ధైర్యంగా చెప్పుకుని, సాంబారన్నం తింటున్నాడు. మా వాడు కూడా, ఇవాళ మా నాన్నగారి తిథండీ అని ఒక్క ముక్క చెబితే, ఆయన లేచి నిలబడి పంపేవాడేమో. ఆయనకీ తండ్రి ఉంటాడు, ఉండి ఉంటాడు.

కొంతసేపటికి అబ్బాయి వచ్చాడు. పంచె విప్పేసి ప్యాంటు వేసుకున్నాడు. నోరు కడుక్కున్నాడు, గడ్డం తడిగా ఉంది.

"రా అమ్మా, మొదలుపెడదాం. నాలుగు దాకా టైముందన్నావుగా."

"తిన్నావు కదా నాన్నా."

"ఏం చేయమంటావు చెప్పు. ఆయన పక్కన కూర్చోమన్నారు. అంతమందిలో మా నాన్న తద్దినం, తినను అంటే బాగుండదు కదా."

"ఎందుకు బాగుండదు?"

వాడు కుళాయి వైపు చూశాడు. కోడలు అరుగు చివర కూర్చుని వేలితో బండ మీద గీతలు గీస్తోంది.

"మళ్లీ స్నానం చేసి వస్తాను పోనీ" అన్నాడు.

"స్నానం చేస్తే తిన్నది పోతుందా?"

"అమ్మా, రేపు ఉంది కదా అసలుది. పంతులుగారు వస్తారు, భోక్తలొస్తారు, అన్నీ పద్ధతిగా జరుగుతాయి. ఈరోజు మనం అనుకున్నది నీ తృప్తి కోసం. దీనికి ఇంత బాధపడితే ఎలా?"

నా తృప్తి కోసం. ఆ మాట నేను మనసులో తిప్పి తిప్పి చూశాను. తల్లి తృప్తి కోసమైనా ఒక గంట కూర్చోలేకపోయాడన్నమాట. పవిత్రం ముడి విప్పేశాను. దర్భలు కట్టగట్టాను. నువ్వులు తిరిగి పొట్లంలో పోస్తుంటే కొన్ని కింద పడ్డాయి, ఒక్కొక్కటీ ఏరాను. చెంబులో నీళ్లు చెట్టు మొదట్లో పోశాను. వాడు సాయం చేయబోయాడు. ఉండనీ అన్నాను. ఆ పూట నాకు దేవుడికి చెప్పుకోవడానికి ఏమీ తోచలేదు. ఎండ బాగుందని కూడా అనుకోలేకపోయాను.

సాయంత్రం బయలుదేరాం. వాడు డ్రైవింగు, పక్కన కోడలు, వెనక నేను. నేను అప్పటికీ ఏమీ తినలేదు. కోడలు దారిలో ఆపి అరటిపళ్లు కొని ఒడిలో పెట్టింది. ఆ పిల్లకి మాత్రం నమస్కారం పెట్టుకున్నాను, మనసులోనే.

ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాక మా మరిది ఫోను చేశాడు. మా వారి తమ్ముడు. కాకినాడలో ఉంటాడు, మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. కారులో ఫోను మాట్లాడితే అందరికీ వినబడుతుంది కదా. గొంతు కారంతా నిండింది.

"ఏరా, గ్రూపులో ఫోటో చూశానురా. చాలా సంతోషం. నేనే నీకు చెప్దామనుకున్నాను, ఈసారి దశమి శనివారం మధ్యాహ్నమేరా, ఫోన్లు చూసి ఆదివారం అనుకుంటావేమోనని. నువ్వే చూసుకున్నావు. పంచెకట్టి ఆకు ముందు కూర్చుంటే అచ్చం మీ నాన్నే అనుకో. పల్లెటూరికి తీసుకెళ్లి మరీ పెట్టావు. గారెలు కూడా వేయించావు. మీ పిన్ని ఆ ఫోటో చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది."

నాకు ఆ ఫోటో సంగతి అప్పుడే తెలిసింది. పులుసు వడ్డించక ముందు తీసినది. మధ్యాహ్నమే అబ్బాయి చుట్టాల గ్రూపులో పెట్టాడట, కింద ఏమీ రాయకుండా. అందరూ దండాలు పెట్టారట.

అబ్బాయి గొంతు సవరించుకున్నాడు. అద్దంలో నా కళ్లకేసి చూసి చూపు తిప్పేసుకున్నాడు.

"ఆ బాబాయ్. బాగా జరిగింది" అన్నాడు.

"భోక్తలు దొరికారా అక్కడ?"

"ఆ... దొరికారు."

కోడలు తల కిటికీ వైపు తిప్పుకుంది.

"వదిన ఉందా పక్కన?"

నేనే ముందుకి వంగాను. "ఉన్నానయ్యా."

"వదినా, నువ్వు అదృష్టవంతురాలివి. ఈ రోజుల్లో ఆఫీసులు మానుకుని తిథి పట్టించుకునే పిల్లలు ఎక్కడున్నారు చెప్పు. అన్నయ్య ఎక్కడున్నా తృప్తిపడి ఉంటాడు."

అదృష్టవంతురాలిననే మాట నేను జీవితంలో ఎన్నడూ కాదనలేదు. ఎవరన్నా అవునండీ, దేవుడి దయ అంటాను. ఆ వేళా అనొచ్చు. అంటే వాడి మాట నిలబడుతుంది, మరిది సంతోషం నిలబడుతుంది. మా వారి తిథి మాత్రం, పెట్టకుండానే పెట్టినట్టు అందరి నోళ్లలో ఉండిపోతుంది.

"తద్దినం పెట్టలేదయ్యా. అది ఆఫీసువాళ్ల విందు" అన్నాను.

అబ్బాయి కారు వేగం తగ్గించాడు.

"సరే వదినా. మళ్లీ ఫోను చేస్తాను" అన్నాడు మరిది. పెట్టేశాడు.

అబ్బాయి స్టీరింగు మీద చేతులు బిగించాడు. "అంత అవసరమా అమ్మా? ఊరుకుంటే ఏం పోయేది? ఇప్పుడు వాళ్లందరికీ నేనేమని చెప్పుకోవాలి?"

"జరిగింది చెప్పు."

"ఇంటిల్లిపాది ముందూ నన్ను దొంగని చేశావు."

కోడలు కిటికీలోంచి చూపు తిప్పకుండా, "మీరు ఊరుకోండి" అంది. ఎవరితో అందో వాడికి తెలిసింది.

ఆదివారం వాడు హాలుకి వెళ్లాడు. నేను వెళ్లలేదు. వాడి వంతు వచ్చేసరికి దశమి వెళ్లిపోతుందని నాకు తెలుసు. అక్కడ వరసగా పీటలు వేసి, ఒక కుటుంబం లేవగానే ఇంకో కుటుంబాన్ని కూర్చోబెడతారు. పంతులుగారు మంచాయనే, ఆయన తప్పేమీ లేదు. నేను ఇంట్లో పప్పు, అన్నం వండి పెట్టాను. వాడు మధ్యాహ్నం దాటాక వచ్చాడు. తల తడిగా ఉంది, వేలికి దర్భ ముడి గుర్తు ఎర్రగా పడి ఉంది. అలిసిపోయాడు. కంచం పెట్టి వడ్డించాను. నెయ్యి వేశాను.

"అయిపోయిందమ్మా. చక్కగా చేయించారు. ఇప్పుడైనా నీకు తృప్తేనా?" అన్నాడు, కాస్త మెత్తగానే.

రాత్రంతా ఆలోచించి ఉంచుకున్న మాట చెప్పాను. "వచ్చే ఏడు నుంచి నువ్వు పెట్టొద్దు నాన్నా. మీ బాబాయిని పెట్టమంటాను. ఆయన ఉన్నన్నాళ్లూ కాకినాడలోనే జరుగుతుంది. నేను రైల్లో వెళ్లి వస్తాను."

చిన్న మాట కాదది. కొడుకు ఉండగా తమ్ముడి చేత పెట్టించడమంటే, కొడుకుని పీట మీంచి లేపడమే. వాడికి తెలుసు. వాడు కోప్పడాలని, అలా ఎలా కుదురుతుంది, నేను ఉండగా బాబాయి ఎందుకు పెడతాడు అని నాతో పోట్లాడాలని నేను కాచుకుని ఉన్నాను. పోట్లాడితే నేను తగ్గిపోయేదాన్ని. వెంటనే తగ్గిపోయేదాన్ని.

వాడు ముద్ద కలుపుకున్నాడు. భుజాలు కిందికి దిగాయి. నుదుటి మీద నాలుగు రోజులుగా ఉన్న ముడత పోయింది.

"నీ ఇష్టం అమ్మా. నీకు అదే బాగుంటుందంటే అలాగే చేద్దాం" అన్నాడు. కాస్త ఆగి, "మరి హాలువాళ్లు వచ్చే ఏడుకి ముందే గుర్తుచేస్తామన్నారు. వద్దని చెప్పేయనా?" అని అడిగాడు.

"చెప్పేయి" అన్నాను.

వాడు ఎడమచేత్తో ఫోను తీసి అక్కడే, అన్నం ముందే, వాళ్లకి చెప్పేశాడు. కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. మజ్జిగ గిన్నె తెచ్చి వాడి ముందు పెట్టి, నావైపు చూడలేక లోపలికి వెళ్లిపోయింది.

వాడు పడుకున్నాక మరిదికి ఫోను చేసి సంగతంతా చెప్పాను.

"వాడు ఒప్పుకున్నాడా వదినా?" అని అడిగాడు.

ఒప్పుకున్నాడని చెప్పాను.